నీటిమట్టం

నేను లాకు లస్కరుని.
పొద్దున్న ఆరింటికీ, సాయంత్రం ఆరింటికీ
రాతిగోడకి దిగ్గొట్టిన కొలబద్ద మీద
నీళ్ళెంతున్నాయో చూసి పుస్తకంలో రాయడం నా పని.
మా కెజియా "అమ్మ" అనలేదు, "నాన్న" అనలేదు,
మూడేళ్ళు నిండాక ఓ సాయంత్రం
నా చంకలోంచి "ఏడు పాయింటు నాలుగు" అంది.
నేను ఏడు పాయింటు మూడు రాసేసి ఉన్నాను.
వంగి చూశాను.
పిల్లదే నిజం.

ఇప్పుడు ఎనిమిదేళ్ళు.
ఏ ఏడు ఏ తారీఖున ధవళేశ్వరంలో
ఎన్ని లక్షల క్యూసెక్కులు వదిలారో చెబుతుంది.
పప్పొచ్చి అన్నాన్ని తగిలితే కంచం తోసేస్తుంది.
పేరెట్టి పిలిస్తే తిరగదు,
కాలవ అవతల రొయ్యల చెరువు మోటారు ఆగిపోతే మాత్రం
నిద్రలోంచి లేచి కూర్చుంటుంది.

బడిలో గంటంటే పాత రైలుపట్టా ముక్క.
అది మోగడానికి అయిదు నిమిషాల ముందే
చెవులు మూసుకుని బల్ల కిందకి దూరుతుంది.
మొండిదన్నారు ఒక టీచరుగారు.
గారాబం అన్నారు ఇంకొకరు.
చర్చిలో తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తామంటే
ఆ చెయ్యి తగలకుండా బెంచీల మధ్య నుంచి పరిగెత్తింది.
దేవుడికి కోపం వచ్చిందో లేదో గాని
మా అత్తకి వచ్చింది.
హెడ్మాస్టరుగారు మార్కుల కాగితం నా వైపు తిప్పి
"నూటికి నూరండి! ఈ పిల్లకి ఆసుపత్రెందుకు?" అన్నారు.
ఆ కాగితంలో
ఏడుపుకి గడి లేదు.

భవిత సెంటరు భ్రమరాంబ టీచరే
ఆ మాట మొదట అన్నది, గుమ్మంలో చెప్పులేసుకుంటూ:
"ఆటిజం కావచ్చు. కాకపోనూవచ్చు.
తెలివీ అదీ ఒకే పిల్లలో ఉండకూడదని ఎక్కడా లేదు.
చూపించండి."

ఎదుర్లంక వంతెన దాటి కాకినాడ.
టోకెను నలభై మూడు.
"దీన్ని ఎవరూ భాగించలేరు నాన్నా" అని
ఆ రోజుకి ఒక్కసారి నవ్వింది.
డాక్టరమ్మ ప్రశ్నలకి మూడే జవాబులు:
ఎప్పుడూ, అప్పుడప్పుడు, లేదు.
మా సలోమి అన్నింటికీ "అప్పుడప్పుడు" అంది
గొంతు తగ్గించి,
పిల్ల మీద చాడీ చెబుతున్నట్టు.
"కళ్ళలోకి చూస్తుందా?"
నా చొక్కా రెండో గుండీకేసి చూసి మాట్లాడుతుందండి.
ఆ గుండీ ఊడిపోయిన రోజు
ఊళ్ళో కనిపెట్టింది తనొక్కతే.
ఇది ఏ గడిలో రాస్తారు?

కాగితం మీద "అనుమానం" అని రాశారు.
మూడు నెలల తర్వాత మళ్ళీ రమ్మన్నారు.

మా లాకుకి ఇప్పుడు పడవలు రావు, గుర్రపుడెక్క వస్తుంది.
మా నాన్న లస్కరుగా ఉన్నప్పుడు వచ్చేవి.
పై నీళ్ళలోంచి కింద నీళ్ళలోకి పడవని ఎవరూ తోసెయ్యరు.
వెనక తలుపు మూస్తారు, ముందు తలుపుకి తూము కొంచెం ఎత్తుతారు.
రెండు నీళ్ళూ సమానమయ్యేదాకా
మా నాన్న చుట్ట కాల్చుకుంటూ కూర్చునేవాడు,
సరంగు ఎంత అరిచినా.
ఇదంతా చెబుదామనే హెడ్మాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను.
ఆయన బల్ల ముందు నిలబడేసరికి
నోట్లోంచి వచ్చింది ఇంతే:
"గంటకి గోనెగుడ్డ చుట్టించండి సార్."

అనుమానానికి రూలు లేదన్నారాయన.
సర్టిఫికెట్టు తెమ్మన్నారు.
గుమ్మం పక్కన నిలబడి విన్న అటెండరు వీర్రాఘవులు
నాతో ఏమీ అనలేదు.
మర్నాడు ఇనప సుత్తి కిటికీలో పెట్టేసి
కొబ్బరి డొక్కతో కొట్టాడట.
సగం బడికి వినపడలేదు.

సాయంత్రం లాకు మెట్ల మీదకొచ్చి ఫిర్యాదు చేసింది:
"ఇవాళ అన్నం గంట రెండు నిమిషాలు లేటు."
"బల్ల కిందకి దూరావా?"
రెండో గుండీకేసి చూసింది.
చాలాసేపు లెక్క చూసుకుని
"సగం" అంది.

నీటి పుస్తకంలో ఆఖరి పేజీ తీసి
తారీఖు వేసి
అదే రాసుకున్నాను.